గ్రహణపు మొర్రి బిడ్డల నోటిలోని సూక్ష్మజీవులు

గ్రామములో ఒక ఇంట గ్రహణపు మొర్రితో బిడ్డ పుట్టినదనగానే ఆ వార్త సాయంకాలమునకు ఊరంతయు తెలిసిపోవును. చూడవచ్చినవారు బిడ్డ పెదవినే చూతురు. తల్లి కొంగు కప్పి దాచుకొనును. ఈ చీలికకు శస్త్రచికిత్స కలదనియు, దానిని ఉచితముగా చేయు ఆసుపత్రులు కలవనియు నేడు చాలమందికి తెలియును. పంచాయతీ సభ్యులలో కొందరు అట్టి బిడ్డలను దగ్గరుండి పంపించినవారే. అయినను, పంపిన బిడ్డ శస్త్రచికిత్స కాకుండగనే తిరిగి వచ్చుటయు, వేసిన కుట్లు విడిపోయి మరల రంధ్రము పడుటయు, పెదవి చక్కగా అతికిన పిల్లవాడు బడిలో మాట వినిపించక వెనుకబడుటయు అక్కడక్కడ జరుగుచునే యున్నది. వీనిలో పెక్కింటి వెనుక కంటికి కనబడని సూక్ష్మజీవుల పని కలదు. ఆ సంగతినే మేమిక్కడ కొంత వివరముగా చెప్పదలచితిమి.

మొదట పేరును గూర్చి ఒక మాట. గ్రహణ సమయమున గర్భిణి కదలినందుననో, కత్తి పట్టినందుననో బిడ్డ పెదవి తెగినదని మన పెద్దలు తలచిరి. పేరును అందుండియే వచ్చినది. పేరు ఉండిన ఉండనిండు గాని, ఆ నిందను తల్లిపై వేయుట తగదు. గర్భము నిలిచిన పిమ్మట నాలుగవ వారము మొదలు ఏడవ వారము లోపల పై పెదవి రెండు ప్రక్కల నుండి వచ్చి నడుమ కలియును. అంగిలి ఆరవ వారము మొదలు తొమ్మిదవ వారము లోపల కలియును. తాను గర్భవతినని తల్లి రూఢి చేసికొనునప్పటికే ఈ పని చాలవరకు జరిగిపోవును. అది జరుగకపోవుటకు వంశపారంపర్యము కొంత కారణము. పొగాకు, మద్యము, మధుమేహము, మూర్ఛకు వాడు కొన్ని మందులు మరికొంత కారణము. (మూర్ఛమందు వాడుచున్న స్త్రీ దానిని తనంతట తాను మానరాదు, గర్భము ధరింపకమునుపే వైద్యునితో చెప్పి తగిన మార్పు చేయించుకొనవలెను.) గ్రహణమునకు ఇందు పాలు లేదు. మన దేశమున సుమారు వేయి జననములకు ఒక బిడ్డ ఈ చీలికతో పుట్టునని లెక్క. అనగా ఒక్కొక్క గ్రామమున ఇట్టి బిడ్డ ఏ కొన్నియేండ్లకొకసారియో కనబడును. కావుననే ఊరిలో ఎవరికిని దీనిని గూర్చిన అనుభవము పోగుపడదు. ప్రతి తల్లియు మొదటి నుండి నేర్చుకొనవలసి వచ్చుచున్నది.

అంగిలి అనునది నోటికి పైకప్పు, ముక్కునకు నేల. ముందు భాగము ఎముక, వెనుక భాగము మెత్తని కండ. దాని చివర కొండనాలుక వ్రేలాడుచుండును. నోటిలోని పాలు ముక్కులోనికి ఎక్కకుండను, ముక్కులోని చీమిడి నోటిలోనికి దిగకుండను కాపాడునది ఇదియే. అంగిలి చీలిన బిడ్డకు ఈ రెండు గదులును ఒక్కటే గది. పాలు ముక్కున వచ్చును. కొంత చీలిక అంచులయందు నిలిచి పులియును. ముక్కులో ఉండవలసిన సూక్ష్మజీవులు నోటిలోనికిని, నోటివి ముక్కులోనికిని అడ్డులేక తిరుగును.

నోటిలో సూక్ష్మజీవులుండుట రోగము కాదు. హాలండు దేశమున డెల్ఫ్టు పట్టణమునందలి బట్టల వర్తకుడు లేవెన్‌హుక్ 1683లో తన పండ్ల నడుమ పాచిని గీచి, తాను చేసికొనిన సూక్ష్మదర్శినితో చూచి, అందు కదలాడు జీవులను గూర్చి లండనులోని రాయల్ సొసైటీకి జాబు వ్రాసెను. మనుష్యుల నోళ్ళలో ఏడువందలకు పైబడిన జాతుల సూక్ష్మజీవులను నేడు గుర్తించియున్నారు. పెక్కు జాతులు హాని చేయవు. తాము చోటు ఆక్రమించి హానికరములగువానికి చోటులేకుండ చేయును గూడ. కావున బిడ్డ నోటిని క్రిమిరహితము చేయుట ఎవరి తరమును గాదు, అవసరమును గాదు. ఘాటైన మందులతో నోరు తుడుచుట మేలుకు బదులు కీడు చేయును. పాలు, మెతుకులు నిలువకుండ చూచిన చాలును.

చీలిక గల బిడ్డల విషయమున వైద్యులు ముఖ్యముగా గమనించునవి మూడు. మొదటిది స్టెఫైలోకాకస్ ఆరియస్. ఇది ద్రాక్షగుత్తివలె గుంపుగా నుండును. ఆరోగ్యముగా నున్న పెద్దలలోనే సుమారు మూడవవంతు మంది ముక్కులలో ఇది కాపురముండును. వారికి ఏ బాధయు నుండదు. చీలిక గల శిశువుల నోళ్ళలో పరిశోధకులు దీనిని తరచుగా కనుగొనుచున్నారు. గాయము దొరికినచో చీము పట్టించునది ఇది. రెండవది స్ట్రెప్టోకాకస్ జాతులలో గొంతువాపు తెచ్చు రకము. ఇది గొంతులో నుండగా అంగిలికి కుట్లు వేసినచో ఆ కుట్లు విడిపోవు భయము కలదు. కొన్ని ఆసుపత్రులలో శస్త్రచికిత్సకు ముందు గొంతును దూదిపుల్లతో తుడిచి పరీక్షకు పంపుట ఇందుకొరకే. మూడవది కాండిడా అను బూజు. నాలుకమీద, బుగ్గలలోపల తెల్లపూతగా కనబడును, తుడిచినను సులువుగా పోదు.

ఇక చెవి సంగతి. నోరు చీలిన బిడ్డకు చెవితో ఏమి పని యని పలువురు అడుగుదురు. గొంతు పైభాగమునుండి కర్ణభేరి వెనుకనున్న నడిమి చెవికి ఒక సన్నని గొట్టము కలదు. మనము మ్రింగినప్పుడెల్ల అంగిలిలోని ఒక కండరము ఆ గొట్టపు మూతిని లాగి తెరచును. లోపలికి గాలి పోవును. అంగిలి చీలినచో ఆ కండరమునకు పట్టు దొరకదు, గొట్టము తెరచుకొనదు. నడిమి చెవిలో జిగటనీరు చేరును. అంగిలి చీలిన పసిపిల్లలలో దాదాపు అందరికిని ఈ స్థితి ఏదో యొక సమయమున కలుగును. గొంతులోని సూక్ష్మజీవులు ఆ నీటిలోనికి ప్రాకినచో జ్వరము, పోటు వచ్చి, కర్ణభేరికి చిల్లిపడి చీము కారును.

చీము కారిన చెవిని తల్లి చూచును, ఆసుపత్రికి పోవును. కారని చెవియే ఎక్కువ మోసము చేయును. జిగటనీరు నిలిచిన చెవికి నొప్పి లేదు, జ్వరము లేదు. వినికిడి మాత్రము తగ్గును. అదియు సరిగా బిడ్డ మాటలు నేర్చుకొను ప్రాయమున. అంగిలి చీలికచేత మాట ఎట్లును ముక్కుతో వచ్చును. దానికి వినికిడి లోపము తోడైనచో పలుకు మరింత తప్పును. వెనుకనుండి పిలిచిన పలుకడు, బడిలో చెప్పిన పాఠము వ్రాయడు. ఊరివారు మొద్దబ్బాయి యందురు. వాని తెలివికి లోపము లేదు, చెవిలో నీరున్నది. అంగిలి చీలికతో పుట్టిన ప్రతి బిడ్డకును, పెదవి బాగుపడినదా లేదా యను దానితో నిమిత్తము లేకుండ, ఆసుపత్రిలో వినికిడి పరీక్ష పలుమార్లు చేయించవలెను. అవసరమైనచో వైద్యులు కర్ణభేరికి చిన్న గొట్టము అమర్చి ఆ నీటిని తీయుదురు. పెదవి మాత్రమే చీలి అంగిలి బాగుగానున్న బిడ్డలకు ఈ భయము అంతగా లేదు.

ఇచ్చట ఒక ఆచారమును గూర్చి నిష్ఠురముగనే చెప్పవలసియున్నది. పసిబిడ్డకు నీళ్ళు పోయు ముసలమ్మలు ముక్కులోను చెవిలోను నూనె చుక్కలు వేయుటయు, ముక్కులోనికి నోటితో ఊదుటయు మన పల్లెలలో ఇంకను కలదు. ఏ బిడ్డకైనను ఇది మంచిది కాదు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తులలోనికి జారి ఒక విధమగు న్యుమోనియా తెచ్చును. అంగిలి లేని బిడ్డకు ఆ దారి మరింత తెరచియున్నది. చిల్లిపడిన చెవిలో పోసిన నూనె లోపలికే పోవును. ఊదువారి నోటి సూక్ష్మజీవులు బిడ్డకు చేరుననుట వేరుగ చెప్పనక్కరలేదు.

అదే ముసలమ్మ చేతిలోని ఉగ్గుగిన్నె మాత్రము ఈ బిడ్డలకు ఎంతయో ఉపకారి. అంగిలి చీలిన బిడ్డ చన్ను పట్టి పీల్చలేదు. పీల్చుటకు నోరు మూసిన గదియై యుండవలెను. (పెదవి మాత్రమే చీలిన బిడ్డలు పెక్కుమంది తల్లి యొద్ద బాగుగనే త్రాగుదురు, వారిని వృథాగా మాన్పింపరాదు.) పీల్చలేని బిడ్డకు తల్లిపాలే పిండి, చెంచాతోనో ముక్కుగల ఉగ్గుగిన్నెతోనో పట్టవలెను. నేటి ఆసుపత్రులలోను ఇట్టి గిన్నెలనే వాడుచున్నారు. ఆముదము కలిపిన ఉగ్గు మాత్రము వలదు. గిన్నె కావలెను గాని దానిలోని పాత మందు కాదు. తేనెయు, ఏడాది నిండువరకు, నాకించరాదు. గిన్నెను పట్టుటకు ముందు ప్రతిసారియు నీటిలో మరగించవలెను. పట్టువారు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. బిడ్డను పరుండబెట్టక, తల యెత్తుగా దాదాపు కూర్చుండినట్లు ఒడిలో పట్టుకొని, కొంచెము కొంచెముగా, మ్రింగిన పిదపనే మరికొంత పోయవలెను. నడుమ భుజముపై వేసికొని త్రేన్పు రప్పించవలెను. పట్టుటకు అరగంటకు మించి కాలము పట్టుచున్నచో, బిడ్డ బరువు పెరుగకున్నచో, ఆరోగ్య కార్యకర్తకు వెంటనే చెప్పవలెను. పాలు పట్టిన ప్రతిసారియు మెత్తని ఉతికిన గుడ్డను మరగించి చల్లార్చిన నీటిలో తడిపి వ్రేలికి చుట్టి, చిగుళ్ళను, చీలిక అంచులను మెల్లగా తుడువవలెను. తల్లులు చీలికను ముట్టుటకు భయపడుదురు. అది పుండు కాదు. పుట్టుకతో వచ్చిన సందు మాత్రమే. మెల్లగా తుడిచిన నొప్పి పుట్టదు. ఈ మాట ఒక్కటి ధైర్యముగా చెప్పువారున్నచో సగము పని అయినట్లే.

పెదవికి శస్త్రచికిత్స సాధారణముగా మూడు నుండి ఆరు మాసముల వయస్సునను, అంగిలికి తొమ్మిది మాసములు మొదలు ఏడాదిన్నర లోపలను చేయుదురు. పెదవి విషయమున వైద్యులు చాలకాలముగా పాటించు పదుల లెక్క యొకటి కలదు: పది వారముల వయస్సు, పది పౌనుల బరువు, అనగా సుమారు నాలుగున్నర కిలోలు, రక్తమున పది గ్రాముల హీమోగ్లోబిన్. ఈ మూడును ఉండియు, ఆ దినమున జలుబు, దగ్గు, జ్వరము, చెవిచీము, ముఖముపై పొక్కులు ఉన్నచో బిడ్డను తిరిగి పంపుదురు. మత్తుమందు ఇచ్చునప్పుడు శ్వాసకు ప్రమాదము; కుట్లు చెడు ప్రమాదము వేరొకటి.

ఇచ్చటనే చాల కుటుంబములు చెదరిపోవుచున్నవి. ఒక కూలి కుటుంబమును తలచుకొనుడు. రెండు దినముల కూలి పోగొట్టుకొని, చార్జీలకు అప్పు తెచ్చి, బిడ్డతో పట్టణమునకు పోయిరి. వైద్యుడు గొంతు చూచి, నెల పోయిన పిమ్మట రండనెను. తిరిగివచ్చిరి. నాట్లు వచ్చినవి, పిమ్మట కోతలు వచ్చినవి, మరల పోలేదు. బిడ్డకు నాలుగేండ్లు నిండినవి, మాట ముక్కులోనే స్థిరపడినది. వైద్యుడు కఠినుడు కాడు, తండ్రి అజాగ్రత్తపరుడును కాడు. నడుమ చేయవలసిన పని ఎవరును చేయలేదు, అంతియే. బిడ్డ తిరిగివచ్చిన వారమే పంచాయతీ సభ్యుడొకడు ఆ ఇంటికి పోయి, మరల రమ్మనిన తేదీని అడిగి వ్రాసికొని, ఆ తేదీకి పదిదినముల ముందు ఆశా కార్యకర్తచే బిడ్డను చూపించి, జలుబు ఉన్నచో ఆసుపత్రికి ముందుగనే తెలిపి తేదీ మార్పించినచో, ఆ కుటుంబము రెండవసారి వృథాగా తిరుగదు. ఇందుకు పంచాయతీ నిధులక్కరలేదు.

అంగిలి కుట్లు మానుట పెదవి కుట్లు మానుటవంటిది కాదు. చేతిపై గాయమైన కట్టు కట్టుదుము. అంగిలికి కట్టు లేదు, ఉమ్మిలో తడియుచునే, సూక్ష్మజీవుల నడుమనే అది మానవలెను. కుట్లు బిగువుగా నుండుటచేతనో, సూక్ష్మజీవులు సోకుటచేతనో ఒకచోట విడినచో చిన్న రంధ్రము మిగులును. దానిగుండ అన్నము, నీరు ముక్కునకు పోవును, గాలి తప్పి మాట చెడును; మచ్చకట్టిన కండలో రెండవ శస్త్రచికిత్స మొదటిదానికంటె కష్టము. అందువలన వైద్యులు చెప్పినన్ని దినములు బిడ్డకు ద్రవాహారము, పిమ్మట మెత్తని ఆహారము పెట్టవలెను. తినిన ప్రతిసారియు నీరు త్రాగించి నోరు శుభ్రపరుపవలెను. వ్రేళ్ళు, పుల్లలు, జంతికలు, చెఱకు ముక్కలు నోట పెట్టుకొననీయరాదు. ఆకు పసరులు, బూడిద, పసుపు పూయరాదు. పథ్యమను పేర గంజినీరు మాత్రమే పోసి బిడ్డను మాడ్చుటయు తప్పే. గాయము మానుటకు బలము కావలెను: పాలు, పప్పుకట్టు, రాగిజావ, వైద్యులు ఒప్పుకొన్న పిమ్మట మెత్తగా మెదిపిన గ్రుడ్డు పెట్టవచ్చును.

మందుల విషయమున మరియొక మాట. గొంతువాపునకు ఇచ్చిన యాంటీబయాటిక్ మందు జ్వరము తగ్గగనే మానివేయుట మన పల్లెలలో సర్వసాధారణము. తగ్గినది జ్వరమే, సూక్ష్మజీవి మిగిలియుండవచ్చును. వ్రాసిన దినములన్నియు వాడవలెను. మరొక ప్రక్క, ప్రతి జలుబునకును మందుల దుకాణమున అడిగి అదే మందు కొని వాడినచో, సూక్ష్మజీవులు ఆ మందునకు లొంగని విధముగా మారును. రేపు శస్త్రచికిత్స దినమున నిజముగా అవసరమైనప్పుడు అది పనిచేయదు.

పండ్లు వచ్చిన పిదప వేరొక సూక్ష్మజీవి రంగమున ప్రవేశించును. 1890 నాటికే బెర్లిను నగరమున మిల్లరు అను దంతవైద్యుడు, నోటిలోని సూక్ష్మజీవులు తీపిని పులియబెట్టి ఆమ్లమును చేయుననియు, ఆ ఆమ్లమే పంటిని కరగించుననియు చెప్పెను. 1924లో క్లార్కు అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు పుచ్చిన పండ్లనుండి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అను జీవిని వేరుపరచెను. చీలిక గల పిల్లల నోళ్ళలో ఇదియు, లాక్టోబాసిల్లస్ జాతియు అధికముగా నుండుటను పలు పరిశోధనలలో చూచిరి. కారణము ఊహింపదగినదే. చీలిక ప్రక్కనుండు పండ్లు వంకరగా, ఒకదానిపై ఒకటి వచ్చును. ఒక పన్ను అసలే రాకపోవచ్చును, ఒకటి అదనముగా రావచ్చును. పంటి పైపొర గట్టిపడక మచ్చలుగా నుండును. మానిన పెదవి బిగువుగా నుండుటచే బ్రష్షు లోనికి పోదు. పైపెచ్చు, పాపము ఈ బిడ్డ యని వచ్చిన చుట్టమెల్ల చేతిలో ఒక చాక్లెట్టో బిస్కట్టో పెట్టును. ఆ జాలి పండ్లకు శత్రువు. ఒకేసారి తినిన తీపికంటె దినమంతయు కొంచెము కొంచెముగా తిను తీపి ఎక్కువ చెరుపు.

ఈ జీవి బిడ్డకు చేరు దారులలో ముఖ్యమైనది ఇంటిలోనివారి ఉమ్మి. తల్లి తన నోట చెంచా పెట్టి వేడి చూచి బిడ్డకు పెట్టుట, అవ్వ నమిలిన ముద్దను బిడ్డ నోట పెట్టుట ఇందుకు తోడ్పడును. తల్లి తన పుచ్చుపండ్లకు చికిత్స చేయించుకొనుట బిడ్డకు చేసిన మేలే. మొదటి పన్ను కనబడినది మొదలు మెత్తని చిన్న బ్రష్షుతో దినమునకు రెండుసార్లు పెద్దలే తోమవలెను. మూడేండ్ల లోపల బియ్యపుగింజంత, పిమ్మట ఆరేండ్ల వరకు బఠాణీగింజంత ఫ్లోరైడు పేస్టు చాలును. నల్లగొండ, ప్రకాశము జిల్లాలలోని కొన్ని ప్రాంతములవలె భూజలమున ఫ్లోరైడు అధికముగా నున్నచోట ఏ పేస్టు వాడవలెనో దంతవైద్యుని అడుగుట మేలు. బొగ్గు, ఇటుకపొడి ఈ పిల్లల పండ్లకు తగవు. గట్టిపడని పొరను అవి అరుగదీయును. అంగిలికి ప్లాస్టిక్ పలక అమర్చిన బిడ్డలకు ఆ పలకను దినదినము తీసి బ్రష్షుతో తోమి కడుగవలెను. లేనిచో దాని లోపలి వైపున బూజు, పాచి పట్టును. ఈ పిల్లలలో కొందరికి పుట్టుకతో గుండెజబ్బును ఉండును. అట్టివారికి పంటిలోని సూక్ష్మజీవులు రక్తమున చేరి గుండె లోపలి పొరకు సోకు ప్రమాదము కలదు గనుక, పన్ను పీకించుటకు ముందు గుండెజబ్బు సంగతి దంతవైద్యునికి తప్పక చెప్పవలెను.

ఈ పనులు పంచాయతీకి సంబంధించినవా యని సందేహింపనక్కరలేదు. 1992లో చేసిన డెబ్బదిమూడవ రాజ్యాంగ సవరణచే చేరిన పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుధ్యము, స్త్రీ శిశు సంక్షేమము చేరియున్నవి. బిడ్డ జననము పంచాయతీ రిజిష్టరునకు ఎక్కునప్పుడే కార్యదర్శికి సంగతి తెలియును. ఆశా కార్యకర్త నవజాత శిశువున్న ఇంటికి నలుబదిరెండు దినములలో ఆరేడుసార్లు పోవును. బిడ్డ నోటిని దీపపు వెలుతురున తెరచి చూడుమని ఆమెకు గుర్తుచేయవలెను. ఏలయన, పెదవి బాగుండి అంగిలి మాత్రమే చీలిన బిడ్డను బయటనుండి ఎవరును గుర్తింపలేరు; పాలు ముక్కున వచ్చుటయే దాని జాడ. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకు ఏటికి రెండుసార్లు, బడులకు ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షింపవలసియున్నది. వారు చూచు జబ్బులలో ఈ చీలికయు నొకటి. ఆ దినమున బిడ్డ ఇంట లేకపోవుట, పొలమునకు తల్లితో పోవుట జరుగుచుండును. ముందురోజు కబురు పంపుట సభ్యుని పని. ఆసుపత్రిలో ఏ పథకము క్రింద ఏ చికిత్స చేయుదురో అచ్చటి ఆరోగ్యమిత్రను అడిగి తెలిసికొనవచ్చును.

పెదవి, అంగిలి అతికించుటతో చికిత్స ముగిసినదని తలచి పేరు కొట్టివేయరాదు. చీలిక చిగురు ఎముకవరకు పోయిన పిల్లలకు సుమారు ఎనిమిది మొదలు పదునొకండేండ్ల వయస్సున, కోరపన్ను దిగకమునుపు, తుంటి ఎముకనుండి కొంత తీసి ఆ సందులో నింపుదురు. కోరపన్ను ఆ కొత్త ఎముకలో దిగి నిలుచును. ఆ సమయమున ప్రక్కపండ్లు పుచ్చి, చిగుళ్ళలో చీము ఉన్నచో నింపిన ఎముకకు సూక్ష్మజీవులు సోకి అది కరగిపోవచ్చును. కావున ఆరునెలల ముందుగనే దంతవైద్యునిచే నోరు బాగుచేయించవలెను. ఊరిలో ఇట్టి బాలుడో బాలికయో మూడవ తరగతికి వచ్చినచో, ఆ యేటి వేసవి సెలవులకు ముందు తండ్రిని పిలిచి, పాత ఆసుపత్రి కాగితములు ఎచ్చటనున్నవో వెదకి తెమ్మని చెప్పవలెను. పిల్లల వైద్య బృందము బడికి వచ్చిన దినమున ఆ కాగితములు ఉపాధ్యాయుని బల్లపై నుండవలెను.